చీర గార్డు తీసేసిన బండి

ఎదురుగా వచ్చే బండికి సైడు స్టాండు వేసి ఉంటే నా చెయ్యి దానంతట అదే లేస్తుంది. వేళ్లు కిందికి చూపించి రెండుసార్లు ఊపుతాను. మొన్నమొన్నటి దాకా పట్టపగలు లైటు వెలుగుతూ ఉంటే గుప్పిట తెరిచి మూసి చూపించేవాణ్ని. వెనక కూర్చున్న ఆడమనిషి కొంగో చున్నీయో వేలాడుతూ కనిపిస్తే మాత్రం చెయ్యి ఊపి ఊరుకోను, బండి తిప్పుకుని వెంటపడి మరీ చెబుతాను. ముప్ఫై అయిదేళ్లుగా ఇది నాకు జబ్బు. మా వీధిలో వాళ్లకి తెలుసు, ఎచ్చెర్ల దగ్గర టీ కొట్టు ఆయనకి తెలుసు. ఈ జబ్బు ఎందుకు వచ్చిందో కూడా వాళ్లకి తెలుసు. అడిగినవాడికీ అడగనివాడికీ ఆ కథ చెప్పేశాను మరి. ఆ కథ నాకే సగం తెలుసని మొన్న వేసవిలో తెలిసింది.

మా ఆవిడ ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేదు. దండెం మీద బట్టలు ఆరెయ్యాలంటే కుడిచేత్తోనే విసరాలి. ఎడంచేత్తో గిన్నె పట్టుకుంటే ఒంటికి దగ్గరగా పట్టుకోవాల్సిందే. ఆ చెయ్యి అలా అవడానికి కారణం నేను, నా బండి. అందుకే ఎవరి కొంగైనా చక్రం పక్కన ఆడుతూ కనిపిస్తే నాకు ఊపిరాడదు. నా మాట వాళ్ల చెవిన పడాలి, బండి ఆగాలి. ఇంకేమీ అక్కర్లేదు.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరినప్పుడు టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో మోటారు సైకిలు ఉన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక మిల్లు యజమాని, ఒక కాంట్రాక్టరు, హైస్కూల్లో ఒక మాస్టారు, ఆ తరవాత నేను. నాది ఎవరి దగ్గరో వాడేసిన టూ స్ట్రోకు బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయించుకోవాలి. వెనక పొగ, ముందు చప్పుడు. ఊరు ఇంకా అర మైలు ఉండగానే ఆ చప్పుడు విని పశువుల్ని తెచ్చి రోడ్డు మీద కట్టేసేవారు. వేరే బండి ఏదైనా అదే చప్పుడుతో వస్తే పాపం వాళ్లు ఉత్తినే తోలుకొచ్చి నన్ను తిట్టుకునేవారు.

అప్పట్లో బండి నడపడం అంటే సగం బండిని బతిమాలడమే. ప్రతివాడి సీటు కింద ప్లగ్గు విప్పే పానా, అరిగిపోయిన గరుకు కాగితం ముక్క ఉండేవి. వానాకాలం దారి మధ్యలో బండి ఆగిపోతే దిగి ప్లగ్గు తీసి, లుంగీతోనో ప్యాంటుతోనో తుడిచి, నోటితో ఊది, మళ్లీ బిగించి కిక్కు కొట్టాలి. ఈలోగా అటుగా వచ్చిన బండి ఆగకుండా పోయేది కాదు. ఆగినవాడికి నా పేరు తెలీదు, ఊరు తెలీదు. పెట్రోలు లేదంటే తన బండి పైపు పీకి సీసాలోకి పట్టిచ్చేవాడు. బండి లేవనంటే నన్ను ఎక్కించి, తన ఎడమకాలు నా ఫుట్‌రెస్టు మీద ఆనించి, తన బండితో నా బండిని తోసుకుంటూ మెకానిక్కు దాకా తీసుకుపోయేవాడు. అలా ఒకసారి ఎవరో తెలియని మనిషి కాలితో తొమ్మిది మైళ్లు ప్రయాణం చేశాను. దారంతా తన పెద్దకూతురి సంబంధం సంగతి చెప్పాడు.

ఈ సైగలన్నీ ఆ రోజుల్లోవే. ఎవరూ నేర్పలేదు. స్టాండు మర్చిపోయావు, లైటు ఆర్పు, ముందు పోలీసులున్నారు, వెనక టైరు చప్పబడింది, ఎదర గేదెలున్నాయి, అన్నిటికీ ఒక చేతి ఊపు ఉండేది. ఎదుటివాడు చెయ్యి ఊపగానే ముందు నా బండిలో ఏదో లోపం ఉందని వెతుక్కునేవాణ్ని. వాడికి వేరే ఉద్దేశం ఉంటుందన్న అనుమానం వచ్చేది కాదు. వచ్చేది కాదు అన్నాను గానీ, ఒక్కసారి వచ్చింది.

పశువులకి గాలికుంటుకీ గొంతువాపుకీ వేసే మందులు ఐసు పెట్టెలో పెట్టుకుని తిరగాలి. ఆ పెట్టె వెనక సీటు మీద కడితే గోతుల్లో ఎగిరిపడేది. అందుకని ఒక వెల్డింగు షాపులో బండికి ఎడమపక్క ఇనప చట్రం చేయించి పెట్టె అందులో దింపాను. చట్రం పట్టడానికి అడ్డంగా ఉన్న చీర గార్డు తీసేయించాను. వెనక చక్రానికి ఎడమపక్క, ఆడవాళ్లు కాళ్లు వేలాడేసుకునే చోట, చీర చక్రంలోకి పోకుండా కమ్మీలు ఉంటాయే, అది. నాకప్పటికి పెళ్లి కాలేదు, చీర గార్డుతో నాకేం పని. నిజం చెప్పాలంటే అది తీసేశాక బండి తేలిగ్గా, కుర్రగా కనిపించింది కూడాను. నాకు నచ్చింది.

ఆ తరవాత ఏడాదికి పెళ్లైంది. పిల్ల మా మేనమామ కూతురే. పుట్టినప్పటి నుంచీ బావా అని పిలిచేది, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపే ఉండిపోయింది. పెళ్లైన నాలుగో నెలలో, ఎండలు ముదిరిన రోజుల్లో, మామ వాళ్ల ఊరికి బయల్దేరాం. నౌపడ దాటి పోవాలి. సెలవు రోజు కాబట్టి ఐసు పెట్టె ఇంట్లో పెట్టేశాను, ఆ ఇనప చట్రం కూడా విప్పేశాను. కొత్త పెళ్లాన్ని ఎక్కించుకుని పోతూ పశువుల మందుల చట్రం ఏం బాగుంటుందని. అలా ఆ పక్క చక్రానికి ఏ అడ్డూ లేకుండా పోయింది.

నౌపడ దగ్గర ఉప్పుమళ్ల మధ్య రోడ్డు. రెండు పక్కలా తెల్లటి కుప్పలు, సముద్రం మీంచి ఈడ్చి కొట్టే గాలి. ఆమె ఒక పక్కకి కూర్చుని కుడిచెయ్యి నా భుజం మీద వేసింది, ఎడంచేత్తో ఒడిలో మామిడిపళ్ల సంచి పట్టుకుంది. గాలికి ఆగదని కొంగు భుజం చుట్టూ తిప్పి తెచ్చి సంచి కింద నొక్కుకుంది. నేను గాల్లో తేలుతున్నాను. అంత సంతోషంగా నేను బండి మళ్లీ ఎప్పుడూ నడపలేదు.

కొంత దూరం పోయాక వెనక నుంచి ఒక మోపెడ్డు మోత. అద్దంలో చూశాను. తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి, వెనక చేపల గంప కట్టుకుని, బండిని చావబాదుతూ మా వెంట వస్తున్నాడు. ఒక చెయ్యి ఊపుతున్నాడు, అరుస్తున్నాడు. చూపు మా ఆవిడ మీద ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా పెళ్లాన్ని చూసి వీడికేటి కేకలు అనుకున్నాను. దానికి తోడు చేపల గంప కట్టుకున్న మోపెడ్డు నా బండిని దాటడమా అన్న పొగరు కూడా ఉంది. గాలిలో బాబూ అన్న మాట ఒకటి వినిపించింది. ఆ తరవాత ఆపు అన్నట్టు వినిపించింది. నేను యాక్సిలరేటరు తిప్పాను.

అప్పుడు ఆమె చెయ్యి నా వీపు మీద రెండుసార్లు తట్టింది. ఏదో అంది కూడా, గాలికి వినబడలేదు. కొత్త పెళ్లికూతురు, మొదటిసారి ఇంత వేగం, హుషారొచ్చి తట్టిందనుకున్నాను. ఇంకా తిప్పాను. తరవాత జరిగినదాన్ని ఎన్నిసార్లు తలుచుకుని కుమిలిపోయానో చెప్పలేను గానీ, వీపు మీద పడిన ఆ రెండు తట్లు మాత్రం నాకు ముద్దుగానే ఉండిపోయాయి. ఆ రోజు మొత్తంలో దాచుకోదగ్గది అదొక్కటే అనుకునేవాణ్ని.

వెనక నుంచి బండిని ఎవరో పట్టుకుని గుంజినట్టయింది. భుజం మీద చెయ్యి లేదు. పది గజాల అవతల నేనూ బండీ పడ్డాం. లేచి చూస్తే ఆమె రోడ్డు మీద బోర్లా పడి ఉంది, చీర చెంగు వెనక చక్రంలో చుట్టుకుపోయి ఉంది. నూలు చీర కాబట్టి చిరిగింది. పట్టుదైతే ఏమయ్యేదో తలుచుకోను.

మోపెడ్డు మనిషి నాకంటే ముందు ఆమె దగ్గరికి చేరాడు. తన తలగుడ్డ తీసి, గంపలోంచి ఐసు గుప్పిళ్లతో తీసి అందులో మూటకట్టి మోచేతికి ఆనించాడు. ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్లు పరిగెత్తుకొచ్చి నీళ్లిచ్చారు, జీపు ఆపారు. చెప్తే వినలేదేం అని ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నా బండి లేపి స్టాండు వేసి, చక్రం చుట్టూ చూసి, "బావూ, ఈ పక్క కమ్మీలుండాల, ఏయీ?" అని అడిగాడు. జీపు టెక్కలి వైపు కదిలినప్పుడు ఆయన రోడ్డు మీద చెదిరిన చేపలు ఏరుకుంటున్నాడు. పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

ఎముక అతికింది గానీ కీలు బిగుసుకుపోయింది. మర్నాడే పాత సామాన్ల కొట్టు నుంచి చీర గార్డు తెచ్చి బిగించాను. ఆ తరవాత నేను కొన్న ప్రతి బండికీ ముందు చూసేది అదే.

అలా మొదలైంది నా జబ్బు. ఆయన నాకు చెప్పబోయింది నేను వినలేదు కాబట్టి, నేను కనిపించిన వాళ్లందరికీ చెబుతూ పోతే ఎక్కడో సరిపోతుందని నా లెక్క. ఉద్యోగం పేరుతో చీపురుపల్లి, గజపతినగరం, కొత్తవలస, మళ్లీ ఇటు ఎచ్చెర్ల, ఎక్కడికి బదిలీ అయితే అక్కడి రోడ్ల మీద నేనే చెయ్యి ఊపేవాణ్ని. చెప్పిన ప్రతిసారీ కథ కూడా చెప్పేవాణ్ని. ఆ మోపెడ్డు మనిషి అరిచాడు, పొగరెక్కి నేను వినలేదు, ఇదిగో మా ఆవిడ చెయ్యి చూడండి అని. ఆమె పక్కనే ఉంటే చెయ్యి కొంగులో దాచుకునేది.

బళ్లు మారాయి. టూ స్ట్రోకులు పోయి, చప్పుడు లేని, పెట్రోలు తాగని బళ్లొచ్చాయి. ఇంటింటికీ ఒకటి వచ్చింది. ప్లగ్గు తుడిచేవాడు లేడు, తోసేవాడు అక్కర్లేదు. దార్లో ఎవరైనా ఆగి ఉంటే ఫోన్లో మాట్లాడుతున్నాడనుకుని పోవడం అలవాటైంది. అందులోనూ నూటికి తొంభైతొమ్మిది సార్లు నిజంగా ఫోనే. ఆ తరవాత వెనక సీటు ఆకాశంలో, ముందు మనిషి ట్యాంకు మీద బోర్లా పడుకునే బళ్లొచ్చాయి. సైలెన్సరు మార్పించి ఊరంతా దద్దరిల్లేలా తిరిగే కుర్రాళ్లొచ్చారు. ఒకప్పుడు చప్పుడు చెయ్యని బండి కోసం మేం తపించిపోయాం, వీళ్లు చప్పుడు కోసం డబ్బిచ్చి మరీ చేయించుకుంటున్నారు.

మెకానిక్కు షెడ్డులో ఒకరోజు కొత్త బండి దింపారు. పువ్వులదండ కూడా తియ్యలేదు. కుర్రాడు మొదట చేయించిన పని చీర గార్డు విప్పించడం. బండి లుక్కు పాడైపోతోందన్నాడు. నేను పక్కనుండి వద్దన్నాను, కారణం చెప్పాను, కథ ఎత్తుకున్నాను. సరే అంకుల్ అని ఫోను చూసుకున్నాడు. మెకానిక్కు నవ్వి షెడ్డు వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. గోడవార నడుం ఎత్తున చీర గార్డుల కుప్ప, కొన్నిటికి ప్లాస్టిక్కు తొడుగు కూడా ఊడలేదు. అయినా కుర్రాణ్ని అనడానికి నాకేం నోరుంది, నేనూ అదే ముచ్చటపడి తీయించినవాణ్నే కదా.

సైగలకి కాలం చెల్లింది. ఇప్పుడొచ్చే బళ్లకి లైటు ఆర్పే స్విచ్చే లేదట, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుందట. ఆ సంగతి తెలియక రెండేళ్లపాటు శ్రీకాకుళం రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతివాడికీ గుప్పిట తెరిచి మూశాను. కొందరు నాకు టాటా చెప్పారు. స్టాండు వేసి ఉంటే బండే కదలదట, కాబట్టి ఆ ఊపూ దండగే. ఊళ్లో సంచులు తగిలించుకుని భోజనాలు మోసే కుర్రాళ్లు హేండిలు మీది ఫోను చూస్తారు తప్ప నా చెయ్యి చూడరు.

ఆదివారం పొద్దున్నే విశాఖపట్నం వైపు నుంచి గుంపులు గుంపులుగా వస్తారు. నల్ల జాకెట్లు, మోకాళ్లకి చిప్పలు, హెల్మెట్ల మీద కెమెరాలు. ఏ పనీ లేకుండా బండి నడపడం కోసమే బండి నడపడం నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకసారి వాళ్లలో ముందున్నవాడు నన్ను చూసి ఎడంచెయ్యి కిందికి దించి రెండు వేళ్లు చూపించాడు. స్టాండు అంటున్నాడని వంగి చూసుకున్నాను. స్టాండు సరిగానే ఉంది. వెనకవాడూ చూపించాడు, ఆ వెనకవాడూ. ఇక లాభం లేదని సర్వీసు రోడ్డు పక్కన ఆపి, దిగి, టైర్లు నొక్కి, చెయిను చూసి, చుట్టూ రెండుసార్లు తిరిగాను. టీ కొట్టు ఆయన చెప్పాడు, అది వాళ్ల నమస్కారమట. ముసలాడు పాత బండి మీద పోతున్నాడని గౌరవించారట. నవ్వాను గానీ, ముప్ఫై ఏళ్ల నా భాష నాకే అర్థం కాకుండా పోయిందని లోపల దిగులేసింది.

మంచి జరగలేదని అనను. ఆడపిల్లలు స్కూటీల మీద తల్లుల్ని ఎక్కించుకుని పోతున్నారు. మా వీధిలో ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు నేర్చుకున్నారు. మా ఆవిడ కూడా ఒకసారి పక్కింటి స్కూటీ ఎక్కి కూర్చుంది. ఎడమకి బాగానే తిప్పింది. కుడికి తిప్పాలంటే ఎడంచెయ్యి చాపాలి, చాపలేకపోయింది. దిగిపోయి, నాకెందుకులే ఈ సంబడం అని లోపలికెళ్లిపోయింది. స్కూటీ నేనే తోసుకెళ్లి పక్కింట్లో పెట్టొచ్చాను.

రిటైరయ్యాక మెడ ఎముకలు అరిగాయని, బండి తగ్గించమని డాక్టరు అన్నాడు. తగ్గించాను. మొన్న వేసవిలో రణస్థలంలో చుట్టాల గృహప్రవేశం ఉంటే మాత్రం బస్సులో వేలాడలేక బండి మీదే వెళ్లాం. తిరిగి వస్తున్నాం, పొద్దున పదకొండు దాటింది. మా ఆవిడ ఎప్పట్లాగే కొంగుకి మూడు పిన్నీసులు పెట్టుకుని, మిగిలింది బొడ్లో దోపుకుని కూర్చుంది. హైవే మీద లారీల గాలికి నా పాత బండి ఊగుతోంది. ఇల్లు ఎప్పుడొస్తుందా అని నడుపుతున్నాను.

మమ్మల్ని దాటి ఒక ఎత్తు సీటు బండి పోయింది. కుర్రాడికి హెల్మెట్టు ఉంది, దాని మీద కెమెరా, చెవి పక్కన ఏదో పరికరం. వెనక చదువుకునే పిల్ల. ఎండకి ఈ పిల్లలంతా చేసినట్టే చున్నీని ముఖానికీ మెడకీ చుట్టుకుని వెనక ముడేసుకుంది. మిగిలిన చెంగు ఎడమపక్కకి జారి చక్రం పక్కన కొట్టుకుంటోంది. చక్రానికి చీర గార్డు లేదు. మా ఆవిడది భుజం మీది కొంగు కాబట్టి మోచెయ్యితో పోయింది. ఈ పిల్ల చున్నీ మెడకి చుట్టి ఉంది.

హారన్ కొట్టాను, ఆపకుండా కొట్టాను. ఎన్నడూ లేనిది బండిని డెబ్బైకి తీసుకెళ్లాను, అది చిలుంపట్టిన తలుపులా అరిచింది. కుర్రాడు అద్దంలో చూశాడు. చెయ్యి ఊపాను, ఆపమన్నాను. వాడు బొటనవేలు పైకెత్తి చూపించి యాక్సిలరేటరు తిప్పాడు. ముసలాడు పందేనికి వచ్చాడనుకున్నాడో, తగువుకి వచ్చాడనుకున్నాడో. ఆ తిప్పడం నాకు తెలిసిన తిప్పడమే.

వంతెన పని జరిగే చోట లారీలు నెమ్మదించాయి కాబట్టి బతికిపోయాం. వాడు ఆగి ఆగి పోతున్నాడు, నేను పక్కకి చేరాను. ఒరే బాబూ, చున్నీ, చున్నీ అని గొంతు చించుకున్నాను. వాడి చెవుల్లో ఏం మోగుతోందో, తల తిప్పలేదు. అప్పుడు మా ఆవిడ నా భుజం మీది చెయ్యి తీసేసింది. వాణ్ని అసలు చూడలేదు. ఒసే పిల్లా అని వెనక కూర్చున్న పిల్లని పిలిచింది. పిల్ల ఇటు తిరిగింది. మా ఆవిడ తన కొంగు పట్టుకుని చూపించి, చక్రం వైపు వేలు చూపించి, గుండెలకి లాక్కుంది. పిల్ల కిందికి చూసుకుని చున్నీ చర్రున లాక్కుంది. చివర జానెడు మేర చెయిను గ్రీజుతో నల్లగా అయిపోయి ఉంది. రెండు గుప్పిళ్లతో దాన్ని పట్టుకుని మా వైపు చూసింది, ముఖం కప్పి ఉన్నా కళ్లు కనిపించాయి. తరవాత కుర్రాడి వీపు మీద రెండుసార్లు తట్టింది. లారీలు కదిలాయి. వాడు ఎగిరి దూకినట్టు పోయాడు.

బండి పక్కకి తీసి ఆపేశాను. ప్రమాదం తప్పిందన్న తేలికలో నాకు నవ్వొచ్చింది. పిల్ల అలా తట్టగానే ఆడికి ఎంత హుషారొచ్చినాదో సూసావా, అన్నాను.

ఆమె బండి దిగి పిన్నీసు సర్దుకుంటోంది. "హుషారు కాదు బావా. ఆపమని తట్టినాది," అంది. పిన్నీసు నొక్కి, "నేనూ అందుకే తట్టాను," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎప్పుడు అని అడిగాను.

"ఉప్పుమళ్ల కాడ. ఆ మనిషి అరిసింది నాకు యినబడినాది. కొంగు సూసుకున్నాను. సంచీ ఒగ్గితే ఉన్న కొంగూ ఎగిరిపోద్ది, నీ భుజం ఒగ్గితే నేను పడిపోతాను. ఆపు బావా అని సెప్పాను, యీపు మీద కొట్టాను. నువ్వు ఇంకా తోలినావు."

ఎండ మాడ్చేస్తోంది. ఇన్నేళ్లూ నా మనసులో ముద్దుగా ఉన్న ఆ రెండు తట్లు నా వీపు మీద ఇప్పుడు పడ్డట్టయింది. గాలి, మోపెడ్డు మోత, పొగరు అని ఎన్నో చెప్పుకున్నాను. ఆ రోజు నా చెవుల్లో ఏ పరికరమూ లేదు. జానెడు దూరంలో ఆమె నోరు ఉంది.

ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదే అని అడిగాను.

"నువ్వెప్పుడు అడిగినావు?" అంది, కోపం లేకుండానే. "ఆ మోపెడ్డు మనిషి సెప్పినాడు, నేను యిన్నేదు అని ఊరంతా నువ్వే సెప్తన్నావు. ఏడుస్తావు కూడాను. మద్దిలో నేనెందుకని ఊరుకున్నాను."

ఎవరెవరి బళ్ల వెంటో పడి ముప్ఫై అయిదేళ్లు చెబుతూ తిరిగాను. ఒక్కసారి బండి ఆపి, ఆ రోజు నీకేం తెలిసింది, నువ్వేం చేశావు అని వెనక కూర్చున్న మనిషిని అడగలేదు. చెయ్యి పోయింది ఆమెది, కథ మాత్రం నాదీ ఆ చేపలాయనదీ అయింది. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను. క్షమించు అన్న మాట మా ఇళ్లలో మొగుళ్లు అనరు, నాకు ఎలా అనాలో తెలీదు. చెయ్యి చూపించవే అన్నాను. ఎందుకు, ముప్ఫై అయిదేళ్లుగా సూస్తన్నావు కదా అంది గానీ చూపించింది. పట్టుకుని కాసేపు నిలబడ్డాను. పక్కనుండి బళ్లు పోతూనే ఉన్నాయి, ఒక్కదాని స్టాండు కూడా నేను చూడలేదు.

మళ్లీ బయల్దేరాం. ముప్ఫై దాటనివ్వలేదు. ఎచ్చెర్ల ఇంకా రెండు కిలోమీటర్లుండగా నా వీపు మీద రెండుసార్లు తట్టింది. బ్రేకు మీద నిలబడ్డంత పని చేసి, రోడ్డు పక్కకి తీసి, ఇంజను ఆర్పేసి, వెనక్కి తిరిగాను. ఏటి, ఏటయినాది, కొంగేనా అన్నాను.

"ఏటీ నేదు," అంది ఆమె, ఒడిలో సంచి సర్దుకుంటూ. "ఆగుతావో నేదో సూద్దామని."